గంట మోగితే మన పిల్లలకు దారి తెలుసా?



ఈ పత్రికలో మేము సాధారణంగా జబ్బుల గురించి వ్రాస్తుంటాం. చక్కెర వ్యాధి, రక్తపోటు, గర్భిణీ స్త్రీల ఆహారం, పసిపిల్లల టీకాలు మొదలైనవి. ఈసారి జబ్బు కాని ఒక విషయం మీద మా అభిప్రాయం చెప్పాలనుకుంటున్నాం. పిల్లలు బడిలో ఉన్నప్పుడు అకస్మాత్తుగా ఆపద వస్తే ఏం చేయాలో ముందుగా నిర్ణయించుకోవడం, నిర్ణయించుకున్నదాన్ని పిల్లలచేత సాధన చేయించడం గురించి.

ఇది ఆసుపత్రివారి పనా అని మీరు అడగవచ్చు. మా పనే అని మా నమ్మకం. కాలిన గాయాలతో ఒక బిడ్డను మా దగ్గరకు ఎత్తుకొచ్చిన తరువాత మేము చేయగలిగినది కొంతే. శరీరంలో సగానికి పైగా కాలిన పసిబిడ్డను తప్పక బ్రతికిస్తామని ఎంత పెద్ద ఆసుపత్రి అయినా మాట ఇవ్వలేదు. అదే బిడ్డ రెండు నిమిషాలు ముందుగా ఆ గదినుండి బయటికి వచ్చి ఉంటే మా అవసరమే ఉండేది కాదు. ఆ రెండు నిమిషాలు ఏ ఆసుపత్రిలోనూ దొరకవు. బడిలోనే దొరకాలి.

కుంభకోణం, డబ్వాలీ

2004 జూలై 16వ తేదీన తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాలలో మంటలు లేచి 94 మంది పిల్లలు చనిపోయారు. మధ్యాహ్న భోజనం వండే వంటపాకలో నిప్పు అంటుకుని, తరగతుల మీద ఉన్న ఆకుల కప్పుకు ప్రాకింది. పిల్లలు పై అంతస్తులో ఉన్నారు. గదులు కిక్కిరిసి ఉన్నాయి. మెట్లు ఇరుకు. మండుతున్న కప్పు వారి మీదనే కూలింది. పొయ్యిలోనుండి నిప్పు ఎగరడం ఏ ఊళ్ళోనైనా జరిగేదే. కాని ఆ నిప్పురవ్వకు, 94 శవపేటికలకు మధ్య కప్పు, మెట్లు, గదులు అనే మూడు విషయాలు ఉన్నాయి. ఆ మూడూ ముందురోజు కూడా అందరి కళ్ళ ముందు ఉన్నవే.

అంతకు ముందు 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఇంకా పెద్ద ఘోరం జరిగింది. అది ఒక పాఠశాల వార్షికోత్సవం. బహుమతులు అందుకునే పిల్లలు, చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు ఒకే షామియానా క్రింద కూర్చున్నారు. షామియానాకు నిప్పు అంటుకుంది. బయటికి పోయే దారి దగ్గర తొక్కిసలాట అయ్యింది. 400 మందికి పైగా చనిపోయారు. వారిలో సగానికి పైగా పిల్లలే. ఆ తేదీని మరొకసారి చూడండి. క్రిస్మసుకు రెండు రోజుల ముందు. మన సంఘాలన్నీ షామియానాలు వేసి, సీరియల్ లైట్లు కట్టి, పిల్లలను వేదిక ఎక్కించే రోజులు అవే.

కుంభకోణం సంఘటన తరువాత దాఖలైన వ్యాజ్యంలో మన సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. పిల్లలకు చదువు హక్కుతోపాటు క్షేమమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉన్నదని, పాఠశాలల్లో మంటలార్పే పరికరాలు ఉండాలని, వాటిని వాడటం సిబ్బందికి నేర్పాలని ఆదేశించింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పాఠశాల భద్రతకు మార్గదర్శకాలు కూడా ప్రకటించింది. కాబట్టి నియమాలు లేవని ఎవరూ అనలేరు. చాలా బడులలో ఎర్ర సిలిండరు గోడకు వ్రేలాడుతూనే ఉంది. దాని పిన్ను ఎటు లాగాలో ఆ బడిలో ఎందరికి తెలుసు? దాని మీద వ్రాసిన గడువు తేదీని ఎవరైనా చదివారా? మా బాధ అంతా అక్కడే.

కాగితం మీద ఉన్నది, కాళ్ళకు తెలిసినది

ఏర్పాటు వేరు, సిద్ధపాటు వేరు. ఈ తేడా చూపించడానికి జపాను దేశంలో ఒకే రోజున రెండు ఊళ్ళలో జరిగినది చెబుతాం.

2011 మార్చి 11న అక్కడ మహా భూకంపం వచ్చింది. తరువాత సునామీ వచ్చింది. ఒకావా అనే ఊరి ప్రాథమిక పాఠశాల సముద్రానికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో, నది ఒడ్డున ఉండేది. ఆ బడికి ఆపదలో ఏం చేయాలో చెప్పే పుస్తకం ఉంది. కాని సునామీ వస్తే ఎక్కడికి వెళ్ళాలి అన్నచోట, ఖాళీ స్థలమో పార్కో అన్నట్లు మాత్రమే వ్రాసి ఉంది. ఏ స్థలమో లేదు. భూకంపం ఆగిన తరువాత పిల్లలు ఆటస్థలంలో సుమారు 50 నిమిషాలు నిలబడ్డారు. పెద్దలు ఎటు వెళదామా అని మాట్లాడుకుంటూ ఉన్నారు. బడి వెనుకనే కొండ ఉంది. చివరికి నది వంతెన వైపు బయలుదేరిన కొద్దిసేపటికే నీళ్ళు ముంచేశాయి. 108 మంది విద్యార్థులలో 74 మంది, వారితోపాటు 10 మంది ఉపాధ్యాయులు పోయారు. ఆ ఉపాధ్యాయులు పిల్లలను వదిలి పారిపోయినవారు కారు. ముందుగా నిర్ణయించుకోనందువలన ఆ క్షణంలో నిర్ణయించలేకపోయారు. అక్కడి న్యాయస్థానం కూడా తరువాత అదే చెప్పింది. తప్పు ఆ రోజుదే కాదు, ముందుగా సరైన ప్రణాళిక తయారుచేయని అధికారులది అని 2018లో తీర్పు ఇచ్చింది.

అదే రోజున కమైషి అనే మరో ఊళ్ళో వేరుగా జరిగింది. అక్కడ కొన్ని సంవత్సరాలుగా బడిపిల్లలకు సునామీ గురించి పాఠాలు చెప్పి, పరుగెత్తి వెళ్ళే సాధన చేయించారు. భూకంపం రాగానే ఒక హైస్కూలు పిల్లలు ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా మెరక వైపు పరుగెత్తారు. ప్రక్కన ఉన్న ప్రాథమిక పాఠశాల పిల్లలు మొదట మూడవ అంతస్తు ఎక్కి ఉన్నారు. పెద్దపిల్లలు పరుగెత్తడం చూసి వారూ దిగివచ్చారు. పెద్దవారు చిన్నవారి చేతులు పట్టుకుని తీసుకువెళ్ళారు. ముందుగా అనుకున్న స్థలానికి చేరాక అదీ క్షేమం కాదని తోచి ఇంకా పైకి వెళ్ళారు. తరువాత ఆ మొదటి స్థలం కూడా మునిగిపోయింది. ఆ ఊళ్ళో దాదాపు మూడువేల మంది బడిపిల్లలలో ఆనాడు బడిలో ఉన్నవారందరూ బ్రతికారు.

రెండు ఊళ్ళలోనూ ఉపాధ్యాయులు మంచివారే. దేశం ఒకటే, భూకంపం ఒకటే. తేడా ఒక్కటే. ఒకచోట ఉపాయం కాగితం మీద ఉంది, రెండవచోట పిల్లల కాళ్ళకు తెలుసు.

మా సొంత అనుభవం

ఇతరులకు చెప్పేముందు మా తప్పు మేము ఒప్పుకోవాలి. మా ఆసుపత్రి ఆవరణలో నర్సింగు విద్యార్థినుల హాస్టలు ఉంది. అక్కడ మంటలార్పే సిలిండర్లు ఉన్నాయి, ఇసుక బాల్చీలు ఉన్నాయి, గోడమీద నియమాల చార్టు ఉంది. అన్నీ ఉన్నాయనే ధైర్యంతో ఒక రాత్రి మొదటిసారిగా మాక్ డ్రిల్ పెట్టాం.

గంట కొట్టాం. అమ్మాయిలు క్రిందికి వచ్చారు. గ్రిల్ గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి వార్డెనమ్మగారి దగ్గర ఉంది. ఆమె చాపెలులో ప్రార్థనకు వెళ్ళారు. తాళంచెవి తెచ్చేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. బయటికి వచ్చినవారిని లెక్కపెడదామంటే ఆ రోజు ఎవరు లోపల ఉన్నారో, ఎవరు రాత్రి డ్యూటీకి వెళ్ళారో ఒక్కచోట వ్రాసిలేదు. ముగ్గురు తక్కువ వచ్చారు. వెదికితే పై గదిలో నిద్రపోతున్నారు. గంట విన్నారట, ప్రార్థన గంట అనుకున్నారట.

అది నిజమైన మంట అయితే ఏమయ్యేదో తలచుకుని ఆ రాత్రి మాలో చాలామందికి నిద్ర పట్టలేదు. గేటు తాళం దొంగల భయంతో వేసినది, ఆడపిల్లల క్షేమం కోసమే వేసినది. కాని అదే వారికి ఉరి కాబోయింది. మరునాడే రెండవ తాళంచెవిని లోపలి వైపున, గేటు ప్రక్కనే అద్దాల పెట్టెలో పెట్టాం. ప్రతి అంతస్తుకు ఒక బాధ్యురాలిని నియమించాం. ప్రార్థన గంటకు, ఆపద గంటకు తేడా తెలిసేలా విజిల్ పెట్టాం. రెండవ డ్రిల్‌కు నాలుగు నిమిషాలు, మూడవ డ్రిల్‌కు మూడు నిమిషాల లోపే అందరూ బయట ఉన్నారు. ఖర్చు అయినది ఒక చిన్న పెట్టె, కొన్ని విజిళ్ళు. ఆ తాళం సంగతి చార్టు చూస్తే తెలిసేది కాదు. డ్రిల్ చేస్తేనే తెలిసింది.

బడిలో ఏముండాలి?

పెద్ద పెద్ద ఫైళ్ళు అవసరం లేదని మా అభిప్రాయం. ఒక్క పేజీలో పట్టే ఏర్పాటు చాలు, అందరికీ తెలిసి ఉంటే.

1. ప్రత్యేకమైన సంకేతం. చాలా బడులలో లాంగ్ బెల్ కొడితే పిల్లలు ఇంటికి అనుకుంటారు. ఆపదకు కూడా లాంగ్ బెల్ పెడితే సంచులు సర్దుకోవడం మొదలుపెడతారు. కాబట్టి వేరే సంకేతం ఉండాలి. కరెంటు లేనప్పుడు కూడా పనిచేయాలి.

2. ప్రతి తరగతికి రెండు దారులు. మొదటి దారిలో పొగ ఉంటే రెండవది ఏదో పిల్లలకు తెలియాలి. బడి జరుగుతున్న సమయంలో ఏ తలుపుకూ తాళం ఉండకూడదు. మెట్ల క్రింద విరిగిన బెంచీలు, పాత పుస్తకాలు, వంటచెరకు పెట్టకూడదు.

3. కలుసుకునే చోటు. ఆవరణలో గోడలకు, కరెంటు తీగలకు దూరంగా ఒక స్థలం. క్లాసు టీచరు హాజరుపట్టీ తీసుకుని బయటికి రావాలి, అక్కడ పేర్లు పిలవాలి. లెక్క తేలేవరకు ఎవరూ కదలకూడదు.

4. ఎవరి పని ఏది. గ్యాసు సిలిండరు ఎవరు కట్టాలి, మెయిన్ స్విచ్ ఎవరు ఆపాలి, 101కి, 108కి ఎవరు ఫోను చేయాలి, గేటు ఎవరు తెరవాలి. పేర్లు వ్రాసి ఉండాలి. ఆ మనిషి సెలవు పెడితే ఆ పని ఎవరిదో కూడా వ్రాయాలి.

5. నడవలేని బిడ్డ, వినబడని బిడ్డ, చూపు లేని బిడ్డ, ఫిట్స్ వచ్చే బిడ్డ. వీరిని గురించి వేరుగా ఆలోచించాలి. ఒక్కొక్కరికి ఇద్దరు తోడు ఉండాలి. డ్రిల్ రోజున ఆ బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టకూడదు. అందరికంటే ఎక్కువగా ఆ బిడ్డకే సాధన కావాలి.

ఊరినిబట్టి ఆపదలు కూడా వేరుగా ఉంటాయి. మన కోస్తా గ్రామాలలో తుఫాను, ఉప్పెన. 1977 నవంబరులో దివిసీమలో ఏం జరిగిందో పెద్దవారికి గుర్తుంది. ఏటి ప్రక్క బడులకు వరద. పట్నాలలో నిప్పు, కరెంటు. బస్సులో వెళ్ళే పిల్లలకు బస్సు. ఆ బస్సు వెనుక ఉన్న అత్యవసర తలుపు తెరవడం పిల్లలకు నేర్పారా? దానికి అడ్డంగా సంచులు పెట్టడం మానిపించారా? మీ బడికి ఏ ఆపద దగ్గరో దానినే ముందుగా సాధన చేయాలి.

పిల్లలకు నేర్పవలసినవి కొన్నే. పొగలో నిలబడి పరుగెత్తకూడదు, వంగి లేక ప్రాకి రావాలి. చాలాసార్లు మంటకంటే ముందు పొగే ఊపిరి తీస్తుంది. బట్టలకు నిప్పు అంటుకుంటే పరుగెత్తకూడదు, ఆగి, నేలమీద పడుకుని దొర్లాలి. భూమి కదిలితే బల్ల క్రిందికి దూరి తల కాచుకోవాలి, ఆగాక బయటికి రావాలి. మెట్లమీద ఒకరినొకరు త్రోయకూడదు. సంచి కోసం, చెప్పుల కోసం వెనక్కి పోకూడదు.

కొన్ని అభ్యంతరాలు

డ్రిల్ పెడితే పిల్లలు భయపడతారని కొందరు ఉపాధ్యాయులు మాతో అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. చెప్పాపెట్టకుండా గంట కొట్టి, కేకలు పెట్టి, ఎర్రరంగు పూసి నిజంలా నటిస్తే చిన్నపిల్లలు బెదిరిపోతారు. అలా చేయవద్దనే మేమూ చెబుతాం. ముందురోజే చెప్పండి. చిన్న తరగతులకు ఆటలా నేర్పండి. నెమ్మదిగా, వరుసగా నడిపించండి. ఏం చేయాలో తెలిసిన బిడ్డకు ధైర్యం ఉంటుంది. పెద్దవారి ముఖాల్లో గాబరా చూసినప్పుడే పిల్లలు ఎక్కువ భయపడతారు.

సిలబస్ పూర్తి కాదు, సమయం లేదు అన్నది రెండవ అభ్యంతరం. మూడు నెలలకు ఒకసారి, ఒక డ్రిల్ పీరియడులో సగం చాలు. పేరులోనే డ్రిల్ ఉన్న పీరియడు అది!

మూడవది మన సంఘాలలో వినిపించే మాట. దేవుడే కాపాడతాడు, ప్రార్థిస్తే చాలు అంటారు. మేమూ ప్రార్థిస్తాం. ఆపరేషను బల్ల దగ్గర ప్రార్థన చేయకుండా మా డాక్టరుగారు కత్తి పట్టరు. కాని ప్రార్థించిన తరువాత చేతులు కడుక్కోవడం మానరు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెమీద చుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరైనా అక్కడనుండి పడి చనిపోతే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందని కారణం కూడా చెప్పాడు. ఎవరూ పడకముందే గోడ కట్టమన్నాడు. ముందుజాగ్రత్త అవిశ్వాసం కాదు, విధేయత. పిల్లలు కాలిన తరువాత ఉపవాస కూటాలు పెట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే.

మన సంఘాలు, మన ఇళ్ళు

మన సంఘాలకు బడులున్నాయి, బోర్డింగులున్నాయి, సండే స్కూళ్ళున్నాయి. వేసవిలో వి.బి.యస్. పెడితే చిన్న మందిరంలోనే వందల పిల్లలు చేరతారు. ఆ మందిరానికి ఎన్ని తలుపులున్నాయి? ప్రక్క తలుపు తీసి ఎన్నాళ్ళయ్యింది? దాని ముందు కుర్చీలు, డ్రమ్సు, సౌండు బాక్సులు పేర్చి ఉన్నాయా? క్రిస్మసు కార్యక్రమంలో పసిపిల్లల చేతుల్లో కొవ్వొత్తులు పెట్టి, ప్రక్కనే దూది అంటించిన చెట్టు, పాలిస్టరు పరదాలు పెడుతున్నామా? జనరేటరు, పెట్రోలు డబ్బా వేదిక వెనుకనే ఉంటున్నాయా? పాస్టరుగార్లు, సంఘ పెద్దలు, యవనస్థులు ఈ ప్రశ్నలు కూర్చుని ఆలోచించాలి. కార్యక్రమం మొదలయ్యేముందు దారులు ఎటున్నాయో మైకులో ఒక్క నిమిషం చెబితే కార్యక్రమానికి వచ్చే లోటేమీ లేదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ బిడ్డను ఈ సాయంత్రమే అడగండి: "మీ క్లాసులో పొగ వస్తే ఎటు వెళతావు?" బిడ్డ తడుముకుంటే, తరువాతి పేరెంట్స్ మీటింగులో హెడ్మాస్టరుగారిని మర్యాదగా అడగండి. మార్కుల గురించి అడిగినంత గట్టిగా దీని గురించి కూడా అడగాలి. ఫీజు గురించి మాట్లాడినప్పుడు మెట్ల వెడల్పు గురించి కూడా మాట్లాడాలి. ఆపద వార్త వినగానే అందరూ బండ్లు వేసుకుని బడి గేటు దగ్గరకు పరుగెత్తితే ఫైరింజను, అంబులెన్సు లోపలికి పోలేవు. పిల్లలను ఎక్కడ అప్పగిస్తారో బడివారు ముందే చెప్పాలి, మీరు అక్కడికే వెళ్ళాలి.

ఒకవేళ ఎవరికైనా కాలితే, కాలినచోట వెంటనే మామూలు చల్లని నీళ్ళు ఇరవై నిమిషాలపాటు ధారగా పోయండి. గాజులు, ఉంగరాలు, మొలత్రాడు వాపు రాకముందే తీసేయండి. అంటుకుపోయిన బట్ట లాగవద్దు. బొబ్బలు చిదపవద్దు. ఇంకు, టూత్‌పేస్టు, పేడ, కోడిగ్రుడ్డు సొన, ఐసు పెట్టవద్దు. శుభ్రమైన తడిలేని బట్ట కప్పి వెంటనే తీసుకురండి. కాలినచోటు పెద్దదైతే నీళ్ళు పోసేటప్పుడు బిడ్డ ఒళ్ళు చల్లబడిపోకుండా మిగతా శరీరాన్ని కప్పి ఉంచండి. పేస్టు పూసుకుని వచ్చిన గాయాన్ని శుభ్రం చేసేటప్పుడు ఆ బిడ్డ పడే బాధ మేము చూస్తుంటాం. అందుకే ప్రతి సంచికలోనూ ఇది చెప్పినా మాకు విసుగు లేదు.

చివరిగా, ఏ బడివారైనా, సంఘంవారైనా డ్రిల్ పెట్టుకోవాలనుకుంటే మా నర్సులు, సిబ్బంది వచ్చి సహాయం చేయడానికి సిద్ధంగా ఉన్నారు. దీనికి రుసుము లేదు. మా హాస్టలు తాళంచెవి కథ కూడా వచ్చి చెబుతాం. మా మొదటి డ్రిల్ కంటే మీ మొదటి డ్రిల్ బాగా జరగాలని మా కోరిక. బాగా జరగకపోయినా సిగ్గుపడవద్దు. డ్రిల్‌లో బయటపడిన తప్పు మనకు మేలే చేస్తుంది.

పిల్లలను తనయొద్దకు రానిమ్మన్న ప్రభువు వారిని మన చేతులకు అప్పగించాడు. వారిని క్షేమంగా బడికి పంపి, క్షేమంగా ఇంటికి చేర్చుకొనే జ్ఞానం, శ్రద్ధ ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.